మార్కులు లేవు... మెట్లున్నాయి!

ప్రోగ్రెస్ కార్డు చదవలేని తల్లికి తన బిడ్డ చదువు సంగతి ఎలా తెలియాలి? మదనపల్లె దగ్గరి ఓ లోయలో ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు వెతికారు. ఆ జవాబు గోడకు వేలాడుతుంది, పెట్టెలో ఇముడుతుంది, ఒక్కోసారి కూరగాయల తక్కెట్లోనూ కనిపిస్తుంది!

మదనపల్లె అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది టమోటా. పంట కాలంలో తెల్లారకముందే మార్కెట్ దగ్గర బారులు తీరే వాహనాలు, మనిషెత్తున పేర్చిన ట్రేలు, వేలంపాటల కేకలు... ఊరి చరిత్ర తెలిసినవాళ్లు మరో రెండు ముక్కలు చెబుతారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి తర్జుమా చేసింది ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలోనే.

ఆ సందడి దాటి కురబలకోట వైపు బండి తిప్పితే, కాసేపటికే దృశ్యం మారిపోతుంది. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్ల గుట్టలు. వాన పడితే వేరుశనగ, బోరులో నీళ్లుంటే టమోటా, రెండూ లేకపోతే బెంగళూరు బస్సు. ఈ పల్లెల బతుకు చాలాకాలంగా ఇంతే. ఆ గుట్టల నడుమ పచ్చగా కనిపించే లోయే రిషివ్యాలీ. అక్కడున్న పెద్ద మర్రిచెట్టును చూసి 1920ల్లో కృష్ణమూర్తి ఈ చోటును ఎంచుకున్నారని చెబుతారు.

రిషివ్యాలీ అంటే చాలామందికి తెలిసింది పెద్ద పెద్ద నగరాల పిల్లలు వచ్చి చదువుకునే రెసిడెన్షియల్ స్కూలు. అది వేరే కథ. ఆ స్కూలు ప్రహరీకి అవతల, చుట్టుపక్కల ఊళ్లలో మొలిచిన చిన్న చిన్న బడుల కథ ఇంకొకటి ఉంది. దేశంలోని లక్షలాది సర్కారు బడి పిల్లల తరగతి గదులకు చేరింది ఈ రెండో కథే.

గది ఒకటే... తరగతులు అయిదు

1980ల్లో ఈ పల్లెల్లో బడి అంటే ఓ గది, ఓ టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతుల పిల్లలూ. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే మిగతా నాలుగు తరగతులూ కిటికీలోంచి బయటకు చూడాల్సిందే. పైగా పల్లెటూరి పిల్లల హాజరు పట్నం పిల్లల్లా ఉండదు. కాయ కోతకొస్తే ఓ వారం మాయం. మేకల్ని తోలుకెళ్లే అవ్వకు జ్వరమొస్తే మనవడే కాపరి. తిరిగొచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. అక్కడ మొదలైన వెనుకబాటు అయిదో తరగతి దాకా వెంటాడుతుంది. ఆ తర్వాత బడి మానేయడం ఒక్కటే మిగులుతుంది.

రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పనిచేసిన పద్మనాభరావు, రమ దంపతులు ఈ చిక్కును తిరగేసి చూశారు. పిల్లలు పాఠం వెంట పరిగెత్తడం కాదు, పాఠమే పిల్లల కోసం ఆగాలి అనుకున్నారు. ఏడాది పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులుగా మార్చారు. కొన్ని కార్డులు కలిస్తే ఒక మైలురాయి. మైలురాళ్లన్నీ వరసగా పేరిస్తే ఒక నిచ్చెన. మొత్తం సరంజామా పెట్టెలో పట్టేస్తుంది కాబట్టి దానికి ‘పెట్టెలో బడి’ అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఎక్కడో ఢిల్లీలో తయారైన సిద్ధాంతం కాదిది. ఈ ఊళ్ల పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పనికిరాని కార్డును పక్కన పడేస్తూ, పనికొచ్చింది ఉంచుకుంటూ ఏళ్ల తరబడి చేసిన పని.

ఇంతకీ ఆ గదిలో ఏం జరుగుతుందంటే... గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. ప్రతి మెట్టుకీ ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. పొద్దున్నే బడికొచ్చిన పిల్ల తిన్నగా దాని దగ్గరికెళ్లి నిన్న ఎక్కడ ఆగిందో చూసుకుంటుంది. తర్వాతి మెట్టు గుర్తు ఏమిటో చూసి, అదే గుర్తున్న ట్రేలోంచి ఆ అంకె కార్డు తీసుకుంటుంది. ఆ పని టీచరు సాయంతో చేయాల్సిందైతే టీచరు చుట్టూ ఉన్న జట్టులో కూర్చుంటుంది. తోటిపిల్లల సాయంతో చేసేదైతే ఇంకో జట్టు. ఒంటరిగా చేసేదైతే ఓ మూల చాప. మూడో తరగతి వయసు పిల్లాడు తెలుగులో ఒకచోట, లెక్కల్లో మరోచోట ఉండొచ్చు. తప్పేం లేదు.

మేకల కోసం వెళ్లి పది రోజుల తర్వాత వచ్చిన పిల్లాడికి ఎవరూ ఏమీ అప్పగించరు. అతని మెట్టు అతని కోసం అక్కడే ఉంటుంది.

పరీక్ష ఎక్కడుంది?

పెద్దలకు వెంటనే వచ్చే అనుమానం ఇదే. పరీక్ష ఉంది. కానీ దానికి ప్రత్యేకమైన రోజు, విడివిడిగా బెంచీలు, గుండెదడ లేవు. ప్రతి మైలురాయిలోనూ కొన్ని మెట్లు కొత్త విషయం నేర్పేవి, కొన్ని సాధన చేయించేవి, ఆ తర్వాత ఒకటి ఎంతవరకు వచ్చిందో చూసేది. ఆ కార్డు తీసిన పిల్ల టీచరు దగ్గర కూర్చుని చదువుతుంది. వచ్చేస్తే ముందుకు. తడబడితే మళ్లీ సాధన చేయించే కార్డు. మిగతా పిల్లలకు తను ‘ఫెయిలైనట్టు’ కూడా తెలియదు. ఎందుకంటే ఆ సమయానికి గదిలో ఒక్కొక్కరూ ఒక్కో కార్డుతో కుస్తీ పడుతుంటారు!

తెలుగు చదవడం నేర్చుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. మన లిపిలో అక్షరమాల వస్తే సగం పని కూడా అయినట్టు కాదు. గుణింతాలు ఒక గుట్ట. ఒత్తులు, ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు ఇంకో గుట్ట. ‘అమ్మ’ను గుర్తుపట్టిన పిల్లాడు ‘వస్త్రం’ దగ్గర ఆగిపోతాడు. ఆగింది ఎక్కడో పట్టుకుంటే రెండు వారాల్లో సరిదిద్దొచ్చు. పట్టుకోకపోతే ఆ పిల్లాడు తెలివిగా ఓ దారి వెతుక్కుంటాడు. పాఠమంతా విని బట్టీ పట్టేస్తాడు. వేలు మూడో వరుస మీద ఉంటే నోరు అయిదో వరుసలో ఉంటుంది. గడగడా చదువుతున్నాడని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు.

మామూలు ప్రోగ్రెస్ కార్డు బోల్తాపడేది ఇక్కడే. తెలుగులో యాభైకి నలభై రెండు అని రాసి ఉంటుంది. ఆ నలభై రెండులో ప్రశ్నలకు జవాబులు బట్టీ కొట్టి రాసినవి ఎన్నో, బోర్డు మీంచి దించుకున్న దస్తూరీ ఎంతో, నిజంగా చదవగలిగినందుకు వచ్చినవి ఎన్నో ఆ అంకె చెప్పదు. కొత్త కాగితం ఇచ్చి చదవమనే ప్రశ్న ఆ పరీక్షలో ఉండదు మరి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చాక నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారు, మార్కుల పక్కన గ్రేడ్లు చేరాయి. నలభై రెండు పోయి ‘ఎ’ వచ్చింది. చదవగలడా లేదా అన్నది మాత్రం ‘ఎ’ కూడా తిన్నగా చెప్పదు.

ఈ అంతరం ఎంతుందో దేశానికి చూపించింది ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ‘అసర్’ సర్వే. వాళ్ల పరికరం చూస్తే నవ్వొస్తుంది... ఒక్కటే కాగితం. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఓ చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఒకటి. సర్వే చేసేవాళ్లు బడికి కాదు, ఇంటికి వస్తారు. అరుగు మీదో నులకమంచం మీదో కూర్చుని పిల్లాడితో చదివిస్తారు. గ్రామీణ భారతంలో మూడో తరగతి చదువుతూ ఆ రెండో తరగతి కథను చదవగలిగినవాళ్లు 2018లో నూటికి 27 మంది. కొవిడ్ తర్వాత, 2022లో 20 మందికి పడిపోయింది. 2024లో మళ్లీ 27కి చేరింది. అంటే, ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు చదవలేకపోతున్నారు. వాళ్లందరి ఇళ్లకూ ప్రోగ్రెస్ కార్డులు వెళ్తూనే ఉంటాయి. సంతకాలూ అవుతూనే ఉంటాయి.

అమ్మ చెప్పిన కథ... బిడ్డ చదివిన కార్డు

లోయలోని బడుల గొప్ప ఎక్కడుందంటే, సంతకం అవసరం లేని కబురు పంపడంలో. ఈ ఊళ్లలో తల్లిదండ్రులు చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. వాళ్లకు ఎంత అందమైన కార్డు ఇచ్చినా వేలిముద్ర వేసి తిరిగిచ్చేస్తారు. అందుకే ఇక్కడ తల్లులనే బడికి పిలిచారు. తమకు తెలిసిన కథలు చెప్పమన్నారు. నక్క కథో, పేదరాశి పెద్దమ్మ కథో, ఊరి చెరువు కథో... అమ్మలూ అవ్వలూ చెప్పినవి రాసుకున్నారు. వాటిలో కొన్ని పిల్లలు చదువుకునే సామగ్రిలోకి వచ్చేశాయి.

ఆలోచించి చూస్తే ఇంతకన్నా గట్టి ప్రోగ్రెస్ రిపోర్టు ఇంకోటి ఉండదు. కథ అమ్మకు తెలుసు. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో తెలుసు. బిడ్డ ఎక్కడ ఆగిందో, ఎక్కడ దాటేసిందో, అక్షరం ముక్క రాకపోయినా ఆమె పట్టేయగలదు.

రెండోది, మెట్రిక్ మేళా. పిల్లలే అంగళ్లు పెట్టి కూరగాయలు, చిరుతిళ్లు అమ్ముతారు. తూకం వేసేది వాళ్లే, చిల్లర లెక్కపెట్టేది వాళ్లే. ఊళ్లోవాళ్ల ఎత్తూ బరువూ కొలిచి రాసేదీ వాళ్లే. కిలో ముప్పావు టమోటాకు ఎంతయిందో కూతురు లెక్కగట్టి చెబుతుంటే, సంతలో ఆరితేరిన తండ్రి మనసులో తన లెక్క తను వేసుకుంటాడు. రెండూ కలిశాయా, లేదా? ఆ పిల్లకు లెక్కలొచ్చని చెప్పడానికి వేరే కాగితం అక్కర్లేదు.

‘మావోడికి ఎన్ని మార్కులొచ్చినాయి సారూ?’ అని అడిగే తండ్రులు ఉండరని కాదు. ఉంటారు. నిచ్చెన చూపించి, ఉగాదికి ఇక్కడున్నాడు, ఇప్పుడు ఇక్కడికొచ్చాడు అని చెబితే కొందరికి తృప్తి. కొందరు మాత్రం ‘అదంతా సరే, పాసా ఫెయిలా?’ అంటారు. పక్కింటి పిల్లాడు టై కట్టుకుని ప్రైవేటు స్కూలు బస్సెక్కుతుంటే, ర్యాంకు లేని బడి మీద నమ్మకం నిలుపుకోవడం కష్టమే. వాళ్లను తప్పుపట్టాల్సిన పనీ లేదు. చదువు కోసం ఆస్తులమ్మేవాళ్లు రసీదు లాంటిది ఏదో ఒకటి అడగడం సహజం.

పెట్టె ఊరు దాటింది

ఈ నిచ్చెన లోయలోనే ఉండిపోలేదు. కర్ణాటకలోని హెగ్గడదేవన కోటె ప్రాంతపు టీచర్లు ఇక్కడికొచ్చి చూసి వెళ్లాక, 1995లో అక్కడ ‘నలి కలి’ మొదలైంది. ఆడుతూ నేర్చుకో అని ఆ మాటకు అర్థం. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి. అప్పటి కమిషనర్ ఎం.పి.విజయకుమార్ పట్టుదలతో అక్కడి గదుల్లో గోడల కింది భాగమంతా పిల్లల చేతికి అందే నల్లబల్లలయ్యాయి. కొన్నేళ్లకే తమిళనాడు అంతటా ప్రాథమిక బడులకు విస్తరించింది.

పెట్టె వెళ్లినంత తేలిగ్గా దాని వెనకున్న ఓపిక వెళ్లలేదన్నది వేరే సంగతి. పాతిక మంది పిల్లల్లో ఒక్కొక్కరి మెట్టూ గుర్తుపెట్టుకునే టీచరు ఉంటేనే నిచ్చెన పనిచేస్తుంది. లేకపోతే అది టిక్కులు పెట్టే ఇంకో రిజిస్టరే. అధికారి వస్తున్నాడని పిల్లల్ని ఒకేసారి నాలుగు మెట్లు ఎక్కించేస్తే చూసేవాళ్లెవరు? పుస్తకం, హోంవర్కు లేకపోతే అది బడేనా అని చాలాచోట్ల తల్లిదండ్రులూ నిలదీశారు.

2021లో మొదలైన ‘నిపుణ్ భారత్’ మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం పిల్లలు తమ గురించి తాము చెప్పుకునే చోటు కూడా ఉండే సమగ్ర ప్రగతి పత్రం కావాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం పెట్టి, అలాంటి కార్డుల్నే చేతికిచ్చారు. ముగ్గులు, తోరణాలతో పండగలా జరిగింది. కార్డులో గడులు పెరిగాయి. ఆ సమావేశంలో టీచరు ఓ కొత్త కథ తీసి, అమ్మ ఎదురుగా పిల్లాడితో రెండు నిమిషాలు చదివిస్తే ఎంత బాగుంటుందో! దానికి గడి కూడా అక్కర్లేదు.

చూడాలనుకుంటే...

రిషివ్యాలీకి మదనపల్లెలో దిగి కురబలకోట మీదుగా వెళ్లాలి. అది నడుస్తున్న బడి కాబట్టి ముందుగా అనుమతి తీసుకోవడం తప్పనిసరి. ఎండాకాలం కన్నా వానల తర్వాత వెళ్లడం మేలు. గుట్టల మధ్య కాస్త పచ్చదనం ఉంటుంది, పిట్టలూ ఎక్కువే. సాయంత్రానికి ఖాళీ ఉంటే హార్స్‌లీ హిల్స్ దగ్గర్లోనే ఉంది. స్వెట్టర్ మరచిపోవద్దు.