ఎన్నింటికి చేరతాం?

సంక్రాంతికి రెండు రోజుల ముందు సాయంకాలం. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. "ఇంటికి ఎన్నింటికి చేరతాం నాయనా?" అని వెనుక సీటులోని తల్లి అడిగింది. రాత్రి భోజనానికి ముందు ఆమె ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. కుమారుని ఎదుటనున్న ఫోను ఒక వేళ చూపుతున్నది. పంతంగి టోలుగేటు వద్ద బారులు తీరిన బండ్లు మరొకటి చెబుతున్నవి.

ఈ లెక్కలో పెద్ద చిక్కే ఉన్నది. 60 కిలోమీటర్ల దారిలో సగం గంటకు 30, మిగిలిన సగం 90 కిలోమీటర్ల వేగంతో పోతే సగటు 60, కనుక గంట ప్రయాణం అనిపిస్తుంది. నిజానికి పట్టేది 80 నిమిషాలు. నిదానంగా నడిచిన సగమే గంటను మింగివేస్తుంది. అక్కడక్కడ వేగాలు కొలిచి సగటు కట్టేవారు బోల్తాపడేది ఇక్కడే.

ఒకే ఫాస్టాగు రెండు టోలుగేట్లలో నమోదైన వేళలను పోల్చితే ఈ పొరపాటు రాదు. (నడుమ టీ కోసం ఆగినవారిని మాత్రం ఏరివేయాలి!) కాని అది చేరినవాని కాలం, ఇప్పుడు బయలుదేరేవానిది కాదు. ఈలోగా ముందున్న రద్దీ పెరగవచ్చు, తరగవచ్చు. అక్కడ మిగిలేది అంచనాయే.

కుమారుడు ఫోనును చూడటం మానివేశాడు.

"సూర్యాపేటలో భోంచేద్దామమ్మా," అన్నాడు.