ముందు రక్తపరీక్ష, తర్వాత రైలు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో మన తెలుగిళ్లలో పెద్ద జబ్బన్న మాట వినబడగానే వెల్లూరు సీఎంసీ ఆస్పత్రికి టికెట్ల సంగతి వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి రైలునే నమ్ముకున్న కుటుంబాలు. వెల్లూరుకు దిగే కాట్పాడి స్టేషన్ దాకా రోజుకు పైబడిన ప్రయాణం వాళ్లకొక లెక్క కాదు. వెల్లూరు మీద ఆ నమ్మకం నాకూ ఉంది. అయినా ఒక జబ్బులో మాత్రం ఆ రైలెక్కొద్దని చేతులు పట్టుకుని బతిమాలతాను.

ఇరవై దాటిన కుర్రాడు. చిగుళ్ల నుంచి రక్తం, తొడల మీద నల్లటి కమిలిన మచ్చలు. "రేపటికి టికెట్లు దొరికాయి డాక్టరు బాబూ" అంది తల్లి. ప్లేట్‌లెట్లు పన్నెండు వేలే. స్లైడు మీద కణాల నిండా ముతక రేణువులు, కొన్నింటిలో పుల్లల మోపులా సన్నని కడ్డీలు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్‌లో ప్రోమైలోసైటిక్ రకమని అనుమానం. ఇందులో రక్తం గడ్డకట్టే గుణమే చెడిపోతుంది. తొలి రోజుల్లో మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. "అమ్మా, రైల్లో ప్లేట్‌లెట్లు ఎవరెక్కిస్తారు? హౌరా 115 కిలోమీటర్లే. ఇవాళే కోల్‌కతా తీసుకెళ్లండి" అన్నాను.

అక్కడ జన్యుపరీక్ష ఫలితం రాకముందే ఆట్రా మాత్రలు మొదలుపెట్టారు. ఈ రకంలో అనుమానం వస్తే చాలు, ఆగకూడదు. ఎదుగుదల ఆగిన కణాన్ని ఎదిగేలా చేసే ఈ మందును 1980లలో షాంఘైలో వాంగ్ జెన్‌యీ ఈ జబ్బుకు వాడి చూపారు. తోడుగా ఆర్సెనిక్ అనేసరికి తల్లి హడలిపోయింది, పాషాణం కదా! ఆర్సెనిక్ ఒక్కదానితోనే ఈ జబ్బు నయమవుతుందని వెల్లూరు సీఎంసీ వైద్యులే 2006లో ఫలితాలు ప్రకటించారని ఫోన్‌లో చెప్పాను. వెల్లూరు పేరు విన్నాక సంతకం పెట్టింది. కుర్రాడు కోలుకున్నాడు.

మిగతా రకాల్లో దారి ఇంత సూటిగా ఉండదు. తట్టుకోగల వయసైతే ఏడు రోజుల సైటారాబిన్, మూడు రోజుల డౌనోరూబిసిన్. ఎఫ్‌ఎల్‌టీ3 జన్యుమార్పు ఉంటే మిడోస్టారిన్ కలుపుతారు. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువైతే మూలకణ మార్పిడి. ఇప్పుడు సగం సరిపోయే తోబుట్టువు, కన్నవాళ్లు కూడా దాతలు కావచ్చు.

ఈ మిగతా రకాల్లో ఒకటి వచ్చిన, డెబ్బై దాటిన రిటైర్డ్ ఫిట్టరు కొడుకులు "గట్టి మందే ఇప్పించండి" అని పట్టుబట్టారు. ఆయన గుండె బలహీనం. అజాసిటిడిన్ ఇంజెక్షన్లు, వెనెటోక్లాక్స్ మాత్రలు ఆయనకు తగినవి. 2020లో వచ్చిన అధ్యయనంలో ఈ జోడీ మధ్యస్థ ఆయుష్షును సుమారు పది నెలల నుంచి పదిహేనుకు పెంచింది. ఆ అంకెలు దాచకుండా చెప్పాను. పెద్దాయన ఒకటే అడిగాడు: "ఇంట్లో ఉండొచ్చా బాబూ?" చాలా రోజులు ఉండొచ్చన్నాను. జ్వరం వంద దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకురావాలని, రక్తదాతల పేర్లు ముందే రాసి పెట్టుకోవాలని కొడుకులకు చెప్పి పంపాను.