యంత్రముల యింట ఒక సాయంకాలము

గత జ్యేష్ఠమాసమున మా అమ్మాయి సెలవుపై రెండు దినములకు బుక్కరాయసముద్రము వచ్చినది. పగళ్లు బంధువుల రాకపోకలతో గడచిపోగా మాకు మిగిలినది ఒక్క సాయంకాలము. మా అత్తగారును నేనును విత్తనపు చెనక్కాయల గంప ముందు పెట్టుకొని ఒలుచుచుంటిమి. అమ్మాయి తన కంప్యూటరు తెచ్చి చాపమీద కూర్చుండి, “అమ్మా, ఒక సినిమా యున్నది. తీసినవాడు నాకు మిక్కిలి యిష్టమైన దర్శకుడు. చూచినవారిలో పెక్కుమంది బాగులేదన్నారు. అందుచేత ఇన్నాళ్లు చూడకుండ దాచుకొన్నాను. చూతమా, మానుదమా?” అని యడిగినది.

సోదరీమణులారా! ఇది చిన్న ప్రశ్నయని మీరనుకొనవచ్చును. కాని యింటి యాడుదానికి రెండు గంటల తీరిక చిన్న సొమ్ము కాదు. అంతకు మించి, మనకు ప్రియమైనవాని చేతిపని చెడినదని కన్నులార చూచిన, వెనుకటి మంచిపనిపై మమత కూడ సడలునేమోయను భయమొకటి కలదు. అమ్మాయి జంకినది అందులకే.

ఆ దర్శకుడు ఫ్రాన్సుదేశీయుడగు ఝాఁ పియేర్ జ్యూనే. 2001లో ఆయన తీసిన “అమేలీ” లోకమంతట మన్ననలందినది. పారిస్ నగరమున కాఫీహోటలులో పనిచేయు నొక పిల్ల, ఎవరికిని తెలియనీయక ఇరుగుపొరుగువారికి మేలు చేయుచుండుట అందలి కథ. అమ్మాయి చదువుకొను దినములలో దానిని నాకు చూపినది. భాష తెలియకున్నను నా మనసునకు పట్టినది. 2013 తరువాత ఆయన పెద్ద చిత్రమేదియు చాలకాలము రాలేదు. తన దేశమున సొమ్ము పెట్టువారు దొరకక, తుదకు నెట్‌ఫ్లిక్స్ సంస్థ యాసరాతో 2022లో “బిగ్‌బగ్” అను హాస్యచిత్రమును వెలువరించెను. 2045వ సంవత్సరమున జరుగు కథ యది. బయట యంత్రమానవులు తిరుగబడగా, ఒక యింటిలోని పనియంత్రములు మనుష్యుల క్షేమము కొరకని తలుపులు బిగించి, ఎవరిని వెలుపలికి పోనీయవు.

మా అత్తగారు చేతిలోని కాయను చిదిపి, “మన కె. వి. రెడ్డిగారి సంగతియు నిట్టిదే కదా?” అనిరి.

కె. వి. రెడ్డిగారు 1912లో మా జిల్లా తాడిపత్రిలో పుట్టినవారు. 1951లో “పాతాళభైరవి”, 1957లో “మాయాబజార్” తీసి తెలుగువారి యింటింట చుట్టమైనవారు. అట్టివారు 1968లో తీసిన “ఉమా చండీ గౌరీ శంకరుల కథ” జనులకు రుచింపలేదు.

“ఆ యాటకు పోవద్దని ఊరంతయు చెప్పినది. నేను మా యక్కతో పోయినాను. మాయాబజారు సాటి రాదు, నిజమే. కాని యింటికి వచ్చుచు, ఎచ్చట తప్పినదో, ఎచ్చట ఆయన చేయి కనబడినదోయని దారిపొడుగున మాటలాడుకొన్నాము. మంచి సినిమా చూచిననాడు అంత మాటలాడలేదు. వంట తెలిసిన యామె పులుసులో ఒకనాడు ఉప్పు తప్పినదని ఆమె యింట విస్తరి మానుకొందుమా?” అనిరి అత్తగారు.

అంతటితో తీర్పయినది. అమ్మాయి అవ్వకు మాట మాటకు తెలుగు చెప్పుచుండగా చూచితిమి.

లోకులు చెప్పినది పూర్తిగా అబద్ధము కాదు. కథ నాలుగు గోడల నడుమనే తిరుగును. రంగులు కన్నులకు గుచ్చుకొనును. మోటు సరసము మితిమీరినది. పిల్లల యెదుట పెట్టదగినది కాదు. “అమేలీ”లోని మెత్తదనము ఇందు కానరాదు. అయినను ఆ చిత్రమున నటించిన ఇజబెల్ నాంతీ యిందు పొరుగింటామెగా కనబడగానే అమ్మాయి పాత నేస్తమును చూచినట్లు నవ్వినది. మనుష్యుల నమ్మకము పొందవలెనని ఆ పనియంత్రములు హాస్యము నేర్వజూచుట చూడముచ్చటగా నున్నది. రోబో యను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకమునుండి లోకమునకు వచ్చినది. దాని మూలమునకు వెట్టిచాకిరి యని యర్థము. మోనిక్ అను పనిమనిషి యంత్రము మెప్పుకొరకు తహతహలాడుట చూచి, నాకు నవ్వును జాలియు కలిగినవి.

తలుపులు బిగిసిన ఘట్టమున అత్తగారు ఒలుచుట ఆపిరి. “క్షేమమని తలుపు వేయుట వీండ్లకు వింత కాబోలు. నేను కాపురమునకు వచ్చిన పదేండ్ల వరకు, చెరువుకట్ట మీది ముసలమ్మ గుడికైనను నన్ను ఒంటిగా పోనీయలేదు. అదియు నా మేలునకేయట” అనిరి.

తెగబోవు కట్టను నిలిపి ఊరిని కాపాడుటకై ప్రాణమిచ్చిన కోడలిగా మా యూరు కొలుచు ముసలమ్మ కథను, కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా వ్రాసిన సంగతి మీరెరుగుదురు. ఆ గుడికి అత్తగారి వెంట నేనెన్ని మారులు పోతినో! ఈ మాట ఆమె నోట ఒక్కమారును వినలేదు.

నాకు వేరొకటి కూడ తోచినది. పోయినయేడు అమ్మాయికి దూరదేశమున ఉద్యోగము వచ్చినపుడు, “నీ క్షేమము కొరకే చెప్పుచున్నాను, వలదు” అని తలుపు మూసినది నేనే. అమ్మాయి నావంక చూడలేదు, తెరవంకనే చూచుచుండెను.

కావున నా తీర్పిది. ప్రియమైన దర్శకుని తక్కువ చిత్రమును ఒంటిగా చూడకుడు, దిగులే మిగులును. ఆయనయందు మీతోపాటు మమత గలవారితో, చేత ఏదో పని పెట్టుకొని, ఒక్కమారు చూడుడు. చిత్రము తప్పినచోట మీ మాటలు మొదలగును.

మరునాడు తాడిపత్రి బాట ప్రక్కన బస్సుకొరకు నిలిచియుండగా, “ఆ ఉద్యోగమునకు మరల వ్రాసి చూడరాదా?” అంటిని. అమ్మాయి బదులు చెప్పక, నా చేతిలోని చెనక్కాయల సంచి తీసికొని, “అవ్వతో నీవే చెప్పుము” అని బస్సెక్కినది.