తెర మీద మాట: ఒక ప్రేక్షకురాలి అభిప్రాయాలు

చలనచిత్రాన్ని గూర్చి అభిప్రాయం లేని మనిషి మన దేశంలో అరుదు. రాజకీయాల ప్రసక్తి రాగానే మౌనం వహించే పెద్దలు సైతం నిన్న చూసిన సినిమాను గూర్చి రెండు మాటలు చెప్పక మానరు. కొందరు నటనను చూస్తారు, కొందరు సంగీతాన్ని వింటారు, మరికొందరు ఎన్ని కోట్లు వసూలయినవో లెక్క కడతారు. ఎవరి కొలబద్ద వారిది. నాకున్న కొలబద్ద ఒక్కటే. తెర మీద మనిషి నోరు విప్పినపుడు ఆ మాట అతని యింటి మాటేనా, లేక ఎవరో అతనికి అరువిచ్చినదా? ఈ ప్రశ్నతోనే ఇటీవల చూసిన కొన్ని చిత్రాలనూ, ధారావాహికలనూ ఇక్కడ పరామర్శించదలచినాను. ఇవి కేవలం నా అభిప్రాయాలు. విజ్ఞులైన పాఠకులు వీటితో ఏకీభవించవలసిన నిర్బంధమేమీ లేదు.

ఈ కొలబద్ద నాకెందుకు దొరికిందో ముందుగా మనవి చేయాలి. మా యింట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో పుస్తకపు తెలుగు, పుస్తకపు ఉర్దూ. మా నానీమా "నక్కో" అంటే వద్దని, "హౌ" అంటే అవునని అర్థం. లక్నో ఉర్దూ చదివినవారు ఆ మాటలు విని చిరునవ్వు నవ్వుతారు. ఆమె తెలుగు మాట్లాడితే తెలుగువారు నవ్వుతారు. ఈ రెండు నవ్వుల మధ్య ఒక వృద్ధురాలు డెబ్బయి ఏళ్లు బేరాలాడింది, పిల్లలను పెంచింది, ఇరుగుపొరుగుల కష్టసుఖాలు పంచుకొన్నది. ఆమె భాషలో ఏ లోటూ ఎవరికీ కనిపించలేదు. తెరకు మాత్రం కనిపించింది.

మా తమ్ముడు చదివిన ఒక పాఠశాలలో వార్షికోత్సవానికి ఒక నాటిక వేశారు. వానికి 'భాయ్' వేషం ఇచ్చి, సినిమాల్లో వలె "నేను వచ్చాడు, నువ్వు పోయింది" అని పలకమన్నారు. వాడు తెలుగులో తరగతిలో మొదటివాడు. చక్కని తెలుగును కష్టపడి వంకర చేసికొని పలికితే సభ అంతా చప్పట్లు కొట్టింది. ఆ తరువాత చాలాకాలం వాడు మిత్రుల ఎదుట అమ్మీని తెలుగులో మాట్లాడనిచ్చేవాడు కాడు. కూరల అంగడిలో ఆమె నోరు తెరవబోతే తానే ముందుగా ధర అడిగేవాడు. ఆ నాటిక వేయించినవారికి ద్వేషమేమీ లేదు. వారు సినిమాల్లో చూసినదానినే అనుకరించారు. తెర మీది పరిహాసం తెర మీదనే ఆగిపోదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

అయితే మన ప్రాంతపు భాషను గౌరవించిన చిత్రాలు మునుపు లేకపోలేదు. శ్యామ్ బెనెగల్ 1974లో తీసిన 'అంకుర్' చిత్రంలో పాత్రలు హైదరాబాదు ప్రాంతపు దక్కనీలోనే మాట్లాడుతాయి. షబానా ఆజ్మీ ధరించిన లక్ష్మి పాత్ర ఆ భాషలోనే దుఃఖిస్తుంది, ఆ భాషలోనే తిరగబడుతుంది. ఎవరికీ నవ్వు రాదు. 1980లో విడుదలైన 'మా భూమి' మరొక నిదర్శనం. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చిత్రించిన ఈ తెలుగు చిత్రానికి ఆధారం కృష్ణచందర్ ఉర్దూలో వ్రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల. దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు. ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు, తెలంగాణ తెలుగు! మన కళాశాలలో ఉర్దూ, తెలుగు శాఖలు రెండూ కలసి చూడవలసిన చిత్రమిది. కాని ఇటువంటివి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ప్రధాన స్రవంతిలో తెలంగాణ యాస చిరకాలం ప్రతినాయకుని అనుచరులకు, హాస్యపాత్రలకు పరిమితమై ఉన్నది. కథానాయకుడు మాత్రం ఏ జిల్లావాడైనా పత్రికా భాషలోనే ప్రేమించేవాడు.

ఆ స్థితి మారుతూ వచ్చింది. 2017లో వచ్చిన 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల భానుమతి కథానాయికయై ఆ యాసలోనే నవ్వి, కోపగించి, ప్రేక్షకుల మనసు దోచుకొన్నది. ఆ పాత్ర ధరించిన సాయిపల్లవికి తెలుగు మాతృభాష కాదు. అయినా తన గొంతుతోనే సంభాషణలు పలికింది. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' ఇదే పనిని విశాఖపట్టణంలో చేసింది. అందులో నటించినవారిలో అధికులు ఆ పేటవారే. అటుపిమ్మట 2023 మార్చిలో వేణు యెల్దండి దర్శకత్వంలో 'బలగం' వచ్చింది. నా ఉద్దేశంలో ఈ దశాబ్దపు తెలుగు చిత్రాలలో దీనికి సాటి రాగలవి బహుకొద్ది.

కథ ఎంత చిన్నది! కొమురయ్య అనే వృద్ధుడు మరణిస్తాడు. పిండం పెడితే కాకి ముట్టదు. చనిపోయిన మనిషి కోరిక ఏదో తీరలేదని ఊరంతా కలవరపడుతుంది. ఎన్నో ఏళ్ల క్రితం విందులో ఒక నల్లిబొక్క కోసం మొదలైన అలక అల్లుణ్ణి ఆ యింటికి దూరం చేసి ఉన్నది. అన్నదమ్ముల మధ్య పంతాలు, మనుమనికి అప్పుల బాధ. ఇంతే కథ. కాని ఆ మనుషులు మాట్లాడే ప్రతి మాటా వారి యింటి మాటే. తిట్టు, శోకం, ఎత్తిపొడుపు, ఓదార్పు అన్నీ సిరిసిల్ల ప్రాంతపు నోటి నుండి నేరుగా వచ్చినట్లుంటాయి. చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు కథాగానం చేస్తుంటే మా నానీమా కొంగుతో కళ్లు ఒత్తుకొన్నది. మా యింట్లో పిండప్రదానాలు లేవు, కాకి కోసం ఎదురుచూడడం లేదు. అయినా "మా అన్నదమ్ములదీ ఇదే కథ కదా" అన్నది. ఆ పాట ఎవరి ఆచారానికి సంబంధించినదని ఆమె అడగలేదు. ఆ చిత్రంలోని పల్లెపాటకు గీతరచయిత కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం లభించినట్లు 2025 ఆగస్టులో ప్రకటన వెలువడినపుడు, ఒకనాడు పరిహాసానికి గురైన యాసకే ఆ గౌరవం దక్కినదని నేను సంతోషించినాను.

ఇక రాజమౌళి 'ఆర్.ఆర్.ఆర్.' విషయం. 2022 మార్చిలో విడుదలైన ఈ చిత్రపు ఆర్భాటాన్ని గూర్చి నేను చెప్పవలసినది లేదు. అందులో గోండు యువకుడు భీమ్ ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో ఒక ముస్లిం కుటుంబం నీడన తలదాచుకొంటాడు. ఆ యింటివారు అతనిని తమవానిగా చూసుకొంటారు. మంచిదే. కాని కథాగమనపు వేగంలో ఆ యింటివారు ఏమి మాట్లాడుకొంటారో, దేనికి నవ్వుతారో మనకు తెలిసేది స్వల్పం. నీడనిచ్చిన చెట్టుకు గూడా ఒక పేరుంటుందని దర్శకుడు మరికొంత గుర్తుంచుకొని ఉంటే బాగుండేదని నాకు తోచింది.

ఆ చిత్రానికే సంబంధించిన మరొక విశేషం ఉన్నది. నెట్‌ఫ్లిక్స్‌లో ఉంచినది దాని హిందీ ప్రతిని. తెలుగు ప్రతి వేరొక వేదికపై ఉన్నది. కనుక విదేశాలలో అనేకులు ఈ తెలుగు చిత్రాన్ని హిందీ గొంతులతోనే చూశారు. అయినా 2023 మార్చిలో ఆస్కార్ వేదికపై 'నాటు నాటు' తెలుగులోనే మ్రోగింది. వ్రాసిన చంద్రబోస్ స్వగ్రామం పూర్వపు వరంగల్లు జిల్లాలోని చల్లగరిగె; పాడినవారిలో రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాదు గల్లీలలో పెరిగినవాడు. చిత్రం ప్రయాణంలో జారవిడిచిన భాషను పాట భుజాన వేసుకొని తీసుకుపోయిందని నా అభిప్రాయం.

ధారావాహికలలో 2025 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చిన 'సివరపల్లి'ని ఆసక్తితో చూసినాను. 2020లో హిందీలో మొదలై పేరు గడించిన 'పంచాయత్'కు ఇది తెలుగు రూపం. పంచాయతీ కార్యదర్శిగా ఒక తెలంగాణ పల్లెకు వచ్చిన పట్టణపు యువకుని అవస్థలు ఇందులోని ఇతివృత్తం. మాట మనదే, మురళీధర్ గౌడ్ వంటి నటులు దానిని హాయిగా పలికినారు. కాని అడుగు మాత్రం మాతృక వేసినచోటనే పడింది. చొక్కా మన దర్జీ కుట్టినదే, కొలతలు మాత్రం మరొకరివి. మన పల్లెలలో కథలకు కరువా? తెలంగాణ పంచాయతీ కార్యాలయం ఎదుట ఒక పూట కూర్చుంటే పది ధారావాహికలకు సరిపడు సరుకు దొరుకుతుంది.

ఉర్దూ పక్షాన 2024 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సంజయ్ లీలా భన్సాలీ 'హీరామండీ'ని గూర్చి చెప్పక తప్పదు. లాహోరు నేపథ్యంగా ఎనిమిది భాగాలు. కంటికి పండుగే. కాని అందులోని ఉర్దూ నాకు నగల పెట్టెలోని హారంలా తోచింది. చూడటానికే గాని నిత్యం ధరించడానికి కాదు. దాసీ మొదలు నవాబు దాకా అందరూ ముషాయిరాలో కూర్చున్నట్లే మాట్లాడితే, ఎవరికి ఆకలి వేసిందో, ఎవరికి జ్వరం వచ్చిందో తెలిసేదెట్లు? దూరదర్శన్‌లో 1988లో గుల్జార్ నిర్మించిన 'మీర్జా గాలిబ్'ను నేను ఈ మధ్యనే ఫోనులో చూసినాను. నసీరుద్దీన్ షా గాలిబ్‌గా అప్పులవాళ్లతో మాట్లాడేటపుడు, భార్యతో వాదులాడేటపుడు ఆ ఉర్దూ వంటింటి పొగ తగిలిన ఉర్దూ. మహాకవి గూడా ఇంట్లో మామూలు మనిషిగా మాట్లాడతాడు. అందుకే అతడు కవిత చదివినపుడు మన ఒళ్లు జలదరిస్తుంది.

భాష ఎవరి సొత్తూ కాదనడానికి అదే కాలపు సాక్ష్యం మరొకటి ఉన్నది. 1988 నుండి 1990 దాకా దేశాన్ని టెలివిజను ముందు కూర్చుండబెట్టిన బి.ఆర్. చోప్రా 'మహాభారత్'కు సంభాషణలు వ్రాసినది రాహీ మాసూమ్ రజా. ఉర్దూ, హిందీ సాహిత్యాలు రెండింటిలోనూ పేరుగల ఆ రచయిత కురుక్షేత్రానికి సంస్కృతభూయిష్ఠమైన హిందీని సమకూర్చినాడు. తన యింటి భాష మీద నమ్మకం గలవాడే ఎదుటివాని భాషను ఇంత గౌరవంగా పలుకగలడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. అందరికీ అర్థమయ్యే ప్రామాణిక భాష అవసరం లేదా? యాసలు పెరిగితే భాష చెదరిపోదా? అవసరమే. పరీక్ష వ్రాయడానికి, న్యాయస్థానంలో వాదించడానికి, ఈ వ్యాసం వ్రాయడానికి ప్రామాణిక భాష కావలసినదే. కాని దాని మూటను గూడా ఒకసారి విప్పి చూడండి. జవాబు, రాజీనామా, వకీలు, సిఫారసు, తహశీలు, హుషారు ఎక్కడివి? ఇవన్నీ పారసీ, అరబ్బీల నుండి వచ్చి తెలుగుదేశమంతటా స్థిరపడినవే. రాజీనామా అంటే ఎవరూ నవ్వరు. పరేషాన్ అంటే మాత్రం నవ్వుతారు. కనుక ఆ నవ్వుకు కారణం ఆ పదం కాదు, దానిని పలికే మనిషి.

మనం మెచ్చుకొనే హాస్యాన్ని గూడా ఒకమారు పరిశీలించుకోవాలి. 'ది అంగ్రేజ్' హైదరాబాదీ దక్కనీని తెరకెక్కించి ప్రతి యింటా నవ్వులు పూయించింది. నేనూ కడుపుబ్బ నవ్వినదాననే. మనలను చూసి మనమే నవ్వుకోవడం ఆరోగ్య లక్షణం. కాని ఒక భాషకు నవ్వించే పని ఒక్కటే అప్పగిస్తే అది సగం భాష అవుతుంది. దక్కనీలో హాస్యకవిగా ప్రసిద్ధుడైన సులేమాన్ ఖతీబ్ కవితలలో నవ్వుతోబాటు పేద యింటి కన్నీరు గూడా ఉన్నది. మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ భాషలోనే ప్రేమను, పండుగలను, వానకాలాన్ని పాడినాడు. ఇంత చరిత్ర గల నోరు తెర మీద చాయ్ దుకాణపు ముచ్చట్లకే పరిమితం కావడం న్యాయమేనా?

నేను చూడగోరే చిత్రం ఇంకా రాలేదు. అందులో ఒక యిల్లుంటుంది. అమ్మీ బిడ్డను దక్కనీలో మందలిస్తుంది; పక్కింటి అక్కతో తెలుగులో పప్పు ధర మాట్లాడుతుంది; రెండు భాషల మధ్య గడప దాటినంత సులువుగా తిరుగుతుంది. ఆ యింట్లో వీరులు ఉండనక్కరలేదు, దుర్మార్గులు ఉండనక్కరలేదు. ఫీజు కట్టవలసిన చివరి తేదీ ఉంటుంది, అలిగిన మేనమామ ఉంటాడు, 'బలగం'లో వలె ఒక నల్లిబొక్క తగాదా గూడా ఉండవచ్చును. మేము సజ్జనులమని ఎవరూ ఉపన్యసించనక్కరలేదు. మమ్మల్ని మామూలుగా మాట్లాడనిస్తే చాలును.

అటువంటి చిత్రాన్ని మద్రాసు, బొంబాయిల నుండి ఎవరో వచ్చి తీయవలసిన కాలం గడచిపోయినది. నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఒక కెమెరా ఉన్నది. కళాశాల సంఘంవారికి నా విన్నపం ఇది: సంవత్సరానికొకసారి 'మా భూమి', 'అంకుర్', 'బలగం' వంటి చిత్రాలను రెండు శాఖల విద్యార్థులకు కలిపి చూపించి, చర్చ జరిపించండి. సోదర విద్యార్థులకు నా మనవి మరొకటి: ఈ సెలవులలో ఇంట్లోని పెద్దవారిని ఒక గంటసేపు మాట్లాడించి, వారి మాటను ఒక్క అక్షరం దిద్దకుండా భద్రపరచండి. సంభాషణలు వ్రాయబోయే వారికి అంతకు మించిన పాఠ్యగ్రంథం లేదు. రేపు మనలో ఎవరో ఒకరు ఆ చిత్రాన్ని తీస్తారు. అది చూసిన పిల్లవాడు అంగడిలో తన తల్లిని నిశ్చింతగా బేరమాడనిస్తాడు.