పాతిక నిమిషాల ఆట

రాత్రి అన్నాలయ్యాక బల్ల మీద చదరంగం పరిచి, 2016 నవంబర్ 30న న్యూయార్క్‌లో ప్రపంచ టైటిల్ కోసం కార్ల్‌సన్, కర్యాకిన్ ఆడిన ర్యాపిడ్ ఆటలు మళ్లీ వేసుకుంటుంటాను. మనిషికి పాతిక నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం. రెండో ఆటలో ఓడిపోవాల్సిన కర్యాకిన్ స్టేల్‌మేట్‌తో గట్టెక్కాడు. చెస్ ఇంజిన్‌నడిగితే తప్పులన్నీ చిటికెలో చెప్పేస్తుంది. గడియారం గుండెల్లో కొట్టుకోవడం దానికేం తెలుసు?

నాలుగో ఆట 50వ ఎత్తు దగ్గర ప్రతిసారీ చెయ్యి ఆగిపోతుంది. తెల్ల మంత్రి నేరుగా హెచ్6లోకొచ్చి చెక్ చెప్పింది. రాజు చంపితే ఒక ఏనుగు ఆట కట్టేస్తుంది, బంటు చంపితే రెండోది. కర్యాకిన్ ఓటమి ఒప్పుకున్నాడు. కార్ల్‌సన్‌కి ఆ రోజే 26 నిండాయి. జవాబు మూసిపెట్టుకుని వెతికితే, ఆ ఒక్క ఎత్తుకే నాకు అరగంట పట్టింది.