పప్పు ఉడకని నీళ్లు

మా ఇంట్లో నీళ్లు మూడు రకాలు. మంచినీళ్లు, బోరు నీళ్లు, వాన నీళ్లు. మంచినీళ్లు ట్యాంకర్‌లో వచ్చేవి. వంటింట్లో ఇత్తడి బిందెల్లో మూతల కింద ఉండేవి. పొరపాటున ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుంటే వీపు మోగేది. బోరు నీళ్లు మోటారు వేస్తే చాలు, కొళాయి నిండా వచ్చేవి. వాటికి లెక్కాపత్రం లేదు. వాన నీళ్ల కోసం మాత్రం డాబా గొట్టం కింద గంగాళం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఏ నీళ్లు ఏ పనికో అమ్మ ఎవరినీ అడిగి నేర్చుకోలేదు. కుండలో పోసి, కాచి, ఉతికి, వండి తెలుసుకుంది.

నేను చెబుతున్నది 1980ల నాటి వనస్థలిపురం సంగతి. హైదరాబాద్‌కి తూర్పున, విజయవాడ రోడ్డు మీద, అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న కాలనీలు. సిటీలో బంధువుల ఇళ్లకి వెళితే నల్లా తిప్పగానే గండిపేట నీళ్లో మంజీరా నీళ్లో వచ్చేవి. 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ ఊరు మునగకూడదని నిజాం కాలంలో కట్టించిన చెరువు గండిపేట. 1920ల నుంచీ ఊరికి నీళ్లిస్తూ వచ్చింది. ఆ నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని పెద్దవాళ్లు అంటుంటే మా వీధి పిల్లలకి ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మేమూ హైదరాబాద్‌లోనే ఉన్నామని చెప్పుకునేవాళ్లం, ఆ నీళ్లు మాత్రం మా దాకా వచ్చేవి కావు.

మాకు వచ్చింది రాతి నీళ్లు. ఇంటి పునాది కన్నా ముందే బోరు బండి వచ్చేది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని స్థలమంతా తిరిగే మనిషి ఒక మూల ఆగి, ఇక్కడ వెయ్యండి అనేవాడు. పైనున్న మొరం దాకా కేసింగ్ పైపు దింపి, ఆ కింద వట్టి బండలోకి రంధ్రం వేసేవాళ్లు. ముందు తెల్లటి పిండి లేచి వీధంతా కమ్మేది. తర్వాత ఎక్కడో ఒక పగులు తగిలి నీళ్లు చిమ్మేవి. పిల్లలందరం కేకలు వేసేవాళ్లం. అది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దాని సందుల్లో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కరిగించుకుంటాయి. పై మట్టిలో ఉండే తెల్లటి సున్నపు గడ్డల నుంచి ఇంకాస్త చేరుతుంది. మేం ఉప్పు నీళ్లు అనేవాళ్లం గానీ అందులో ఉప్పు కన్నా సున్నమే ఎక్కువ.

అమ్మ కోనసీమలో కాలవ నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఈ నీళ్లతో కందిపప్పు పొయ్యి మీద పెడితే ఎంతసేపటికీ బద్ద బద్దగానే ఉండిపోయేది. పప్పులోని పెక్టిన్‌ని కాల్షియం మరింత బిగబట్టేస్తుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మ అప్పటికే చిటికెడు తినే సోడా వెయ్యడం మొదలుపెట్టి, ఆ రుచి నచ్చక మానేసి, పప్పుకి మాత్రం మంచినీళ్లే అని తేల్చేసింది. బోరు నీళ్లతో టీ పెడితే పైన నల్లగా తెట్టె కట్టేది. స్కూలు చొక్కాలు ఎంత ఉతికినా బూడిద రంగుకి తిరిగేవి. సబ్బు నురగ రావడానికి ముందు నీళ్లలోని సున్నంతో కలిసి తెల్లటి జిడ్డుగా విరిగిపోతుంది, అదంతా పోయాకే మురికి జోలికి వెళుతుంది. అంటే సగం సబ్బు నీళ్లకే ఖర్చు. కుంకుడుకాయ పులుసుకి మాత్రం ఆ బాధ లేదు, ఎంత గట్టి నీళ్లలోనైనా నురగ ఇస్తుంది. అందుకే మా వీధిలో షాంపూ పొట్లాలు వచ్చిన తర్వాత కూడా చాన్నాళ్లు ఆదివారం పూట రోట్లో కుంకుడుకాయలు దంచే చప్పుడు వినపడేది.

స్నానాల కోసం ఇమ్మర్షన్ కడ్డీ ఉండేది. దాని చుట్టూ తెల్లటి గార మందంగా పేరుకునేది. నీళ్లు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న బైకార్బొనేట్ విడిపోయి సున్నంగా దిగుతుంది, ఆ పొర వేడిని నీళ్లకి చేరనివ్వదు. నాన్న దాన్ని స్క్రూడ్రైవర్‌తో గోకేవారు. అమ్మ చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టి పొద్దున్నే కడిగితే, అంతా ఊడిపోయేది. ఈ చాకిరీ ఏ ఇంటి లెక్కల్లోనూ రాయలేదు. రాసి ఉంటే ఊరి అంచున కాపురం పెట్టినందుకు ఆడవాళ్లు సబ్బులో, కరెంటులో, కట్టెల్లో, నడుం నొప్పిలో ఎంత పన్ను కట్టారో తెలిసేది.

పక్కింటివాళ్లు నల్గొండ జిల్లా నుంచి వచ్చారు. అమ్మ ఒకరోజు గోడ దగ్గర నిలబడి నీళ్లని తిట్టిపోస్తుంటే పక్కింటావిడ విని, "అక్కా, మా ఊర్ల నీళ్లు తియ్యగుంటుండె. తియ్యగున్నయనే తాగినం" అంది. ఆవిడ అత్తగారు గోడ పట్టుకుని నడిచేది. మోకాళ్లు వంగిపోయి, మెడ తిప్పలేక, మనిషి మొత్తం తిరిగి చూసేది. పెద్ద వయసేమీ కాదు. పక్కింటావిడ కొడుకు నవ్వితే పళ్ల మీద గోధుమ రంగు చారలు కనిపించేవి. మా వీధి పిల్లల్లో కొందరు ఆ పళ్లని చూసి వెక్కిరించేవాళ్లు. ఆ వెక్కిరింత తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అది ఫ్లోరైడ్. మన దేశంలో ఎముకల మీద దాని దెబ్బని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. అదీ గ్రానైట్ నుంచే వస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకి చేరుతుంది. కాల్షియం తగ్గి సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన చోట అది నీళ్లలోనే ఉండిపోతుంది. అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని కాదు గానీ, నాలుకకి మెత్తగా తగిలే నీళ్లు ఎముకల్ని వంచెయ్యగలవు. పప్పు ఉడకనివ్వని నీళ్లు తాగినంత మాత్రాన ఎవరి కాళ్లూ వంగిపోవు. సున్నం వల్ల నీళ్లకి వచ్చే గట్టిదనానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం పేరుతో హద్దే పెట్టలేదు. ఫ్లోరైడ్‌కి మాత్రం లీటరుకి 1.5 మిల్లీగ్రాములు అని పెట్టింది. మేం రోజూ తిట్టింది చాకిరీ పెంచే నీళ్లని. ఆ పక్కింటి వాళ్లని కుంగదీసింది ఎవరూ తిట్టని నీళ్లు.

2004లో కృష్ణా మంచినీటి పథకం మొదటి దశ వచ్చింది. నాగార్జునసాగర్ నీళ్లు అక్కంపల్లి చేరి, కోదండాపురంలో శుద్ధయి, వంద కిలోమీటర్లకు పైగా దూరం దాటి మా పక్కనే ఉన్న సాహెబ్‌నగర్ చేరాయి. కొన్నాళ్లకి మా వీధి నల్లాలోనూ పడ్డాయి. అమ్మ మొదట చేసిన పని ముద్దపప్పు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ కూర అడగలేదు.

మా చెల్లి ఇప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు అవతల ఇల్లు కట్టుకుంది. మళ్లీ అదే బండ, మళ్లీ అదే సున్నం, కాకపోతే బోరు చాలా లోతు. ఇంట్లో ఆర్‌వో మిషన్ ఉంది. మేనల్లుడు టీడీఎస్ మీటరు ముంచి, అంకె తక్కువ వస్తే మురిసిపోతాడు. నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంత ఉన్నాయో ఆ మీటరు అంచనా వేస్తుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంతో, చుట్టూ సెప్టిక్ ట్యాంకుల నుంచి దిగిన నైట్రేట్ ఎంతో చెప్పదు. కాచినా ఆ రెండూ పోవు, నీళ్లు తగ్గిన కొద్దీ చిక్కబడతాయి. అందుకే బోరు నీళ్లని సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపమని పట్టుబట్టాను. ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దు లోపలే ఉన్నాయి. గట్టిదనం మాత్రం, మన దేశ ప్రమాణం మేలని చెప్పే లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటిపోయింది.

రిపోర్టు ఫోన్‌లో చదివి వినిపిస్తే అమ్మ, "అయితే పప్పుకి వాన నీళ్లు పట్టుకోమను, మొదటి వాన వదిలెయ్యమను" అంది. డాబా గొట్టాన్ని బోరు పక్కన ఇంకుడు గుంతకి కలిపించమని నేను చెప్పాను. వానలు మొదలయ్యేలోపే చెల్లి గొట్టానికి రెండు దార్లు పెట్టించింది, ఒకటి గుంతలోకి, ఒకటి గంగాళంలోకి.