ద్రాస్ దాకా సరుకు

1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధం నడుస్తుండగా, నేను సైన్యపు సరఫరా విభాగం ఏఎస్‌సీలో డ్రైవర్‌ని. సోనామార్గ్‌లో లోడు ఎత్తుకొని, జోజి లా దాటి, ద్రాస్‌లో దించి రావడం మా డ్యూటీ. ఆ కనుమ 11 వేల అడుగుల పైన ఉంటుంది, అప్పట్లో చలికాలమంతా మంచుతో మూసుకుపోయేది. అందుకే అవతల కాపలా ఉండేవాళ్లకు కావలసిన తిండి, కిరసనాయిలు, మందుగుండు దారి తెరిచి ఉన్నప్పుడే చేరవేసి నిల్వ పెట్టేవారు. ఆ లెక్క శాంతికాలపు తలలను బట్టి కట్టినది. ఆ ఏడాది యుద్ధం వల్ల కశ్మీర్ లోయ నుంచి పటాలాలకు పటాలాలు వచ్చిపడ్డాయి. వాళ్లందరికీ చాలినన్ని మంచు బూట్లు లేవు, చలికోట్లు లేవు. దానికి తోడు కార్గిల్‌లోని మందుగుండు డిపో మే నెలలోనే పాకిస్తాన్ గుండ్లకు తగలబడింది.

ద్రాస్ దగ్గర రోడ్డు తోలోలింగ్ కొండకు నేరుగా కనిపిస్తుంది. పైన కూర్చున్న శత్రువు మా బండ్లను చూసి ఫిరంగులకు గురి చెప్పేవాడు. అందుకని రాత్రిళ్లు హెడ్‌లైట్లు ఆర్పేసి నడిపేవాళ్లం. ముందు బండి వెనక ఇరుసుకు పూసిన తెల్లరంగే మాకు దారి.

బోఫోర్స్ ఫిరంగి గుండు ఒక్కటే నలభై కిలోల పైన. ఆ యుద్ధంలో మన ఫిరంగిదళం పేల్చినవి రెండున్నర లక్షల పైమాటే. టీవీల్లో ఫిరంగుల మోత చూపించారు, ఆ గుండ్లను తెచ్చిన లారీని చూపించలేదు. తప్పు పట్టను, లారీలో చూడ్డానికేముంది?

లారీ ఆగిన చోట కంచర గాడిదలు అందుకునేవి. అవీ ఎక్కలేని చోట పోర్టర్లు, ఆపైన జవాను వీపే. గాయపడినవాణ్ణి దించాలంటే నలుగురు కావాలి. ఆ నలుగురూ ఆ రాత్రి సరుకు మోసేవాళ్లలోంచే తగ్గేవారు. ఒక సాయంత్రం దాడికి బయల్దేరే కుర్రాళ్లు మా బండి పక్కనే సంచులు సర్దుకుంటూ, పూరీ పొట్లాలు తీసి కింద పెట్టి, ఆ ఖాళీలో తూటాలు కుక్కుతున్నారు.

"తిండి వద్దా?" అన్నాను.

"ఆకలైతే ఓర్చుకుంటాం ఉస్తాద్. తూటాలయిపోతే?" అన్నాడొకడు.

జూన్ 13న తోలోలింగ్ మన చేతికొచ్చింది. రోడ్డు మీద గురిచూసి కొట్టడం తగ్గింది, లోడ్లు పెరిగాయి. మంచు బూట్ల పెట్టెలు మా బండికెక్కింది ఆ తర్వాతే. ఎవరి పాదాలు కొలిచి పంపారో గానీ, చాలామంది రెండేసి జతల మేజోళ్లు వేసుకుంటే తప్ప అవి కాళ్లకు నిలవలేదు.